తొమ్మిది నక్షత్రాల బరువు

ఇల్లు మారేటప్పుడు లారీ ఎక్కించకుండా ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లే వస్తువు ప్రతి ఇల్లాలికీ ఒకటుంటుంది. చాలామందికి అది పోపుల పెట్టె. మంచాలు రెండ్రోజులు ఆలస్యంగా వచ్చినా చాప వేసుకుని పడుకోవచ్చు. పోపుల పెట్టె రాకపోతే మాత్రం కొత్త వంటింట్లో మొదటి పూట చారు కూడా కాగదు. చెయ్యి అలవాటుగా వెళ్లిన చోట ఆవాలుండవు.

కాకినాడలో ప్రాథమిక వాచకాల ముద్రణ సంస్థ అని ఒకటుంది. అందులో పందొమ్మిదేళ్లుగా కంప్యూటరు మీద పుస్తకాల పేజీలు కూరుస్తున్న హైమవతికి అలాంటి పోపుల పెట్టె ఆఫీసులో కూడా ఉండేది. అది తొమ్మిది నక్షత్రాలు.

ఆవిడ వాడే ప్రోగ్రాంలో మూడు వందల పదహారు ఫాంట్లు ఉన్నాయి. అంటే మూడు వందల పదహారు రకాల అక్షరాలు. నచ్చిన ఫాంటు పేరు పక్కన నక్షత్రం నొక్కితే అది జాబితాలో అన్నిటికంటే పైకి వచ్చి కూర్చుంటుంది. దాన్ని ఎంత సైజులో వాడతాం, వరసకీ వరసకీ మధ్య ఎంత ఎడం ఉంచుతాం అన్న సంగతులు కూడా దాంతోపాటే గుర్తుంటాయి. హైమవతి బజార్లో వంకాయలు ఏరే మనిషి; గంపంతా తిరగేసి అరకిలో తెచ్చుకుంటుంది. ఫాంట్లూ అలాగే ఏరింది. పందొమ్మిదేళ్లకి తొమ్మిది.

వాటిలో ఆరోది 'వెన్నముద్ద'. ఒకటో తరగతి వాచకం మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా ఆ అక్షరాల్లోనే వస్తుంది. అంతకు ముందు వేరే ఫాంటులో వచ్చేది. అప్పుడు గోకవరం అవతల ఒక చిన్న బడి నుంచి మేరీ సుగుణ అనే టీచరు కార్డు రాసింది. "అమ్మా, మీ పుస్తకంలో 'థ'కీ 'ధ'కీ తేడా కళ్లద్దాలు పెట్టుకుంటే గానీ నాకే తెలియడం లేదు. పై వరసలో ఒత్తు వచ్చి కింది వరసలో గుడి మీద కూర్చుంటోంది. ఏది ఎవరిదో చెప్పలేక పిల్లలు ఏడుస్తున్నారు. మీరొకసారి చూడగలరు." ఆ కార్డు ఎవరి పేరా లేకపోవడం వల్ల నాలుగు బల్లలు తిరిగి హైమవతి బల్ల మీద ఆగిపోయింది. ఆవిడ రెండు నెలలు కూర్చుంది. చవక కాగితం మీద సిరా పీల్చుకున్నా పొట్టలు పూడిపోని అక్షరం వెతికింది. ఒత్తుకి కాళ్లు చాపుకునేంత చోటు ఉండేలా వరసల మధ్య ఎడం కుదిర్చింది. అప్పటినుంచీ ఏటా జూన్‌లో బళ్లు తెరిచిన మూడో రోజున మేరీ సుగుణ ఫోన్ చేసి, "ఈ ఏడు కూడా ఏడవలేదమ్మా" అని చెప్పి పెట్టేసేది.

ఈ ఫిబ్రవరిలో సంస్థకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి, వాటితో కొత్త ప్రోగ్రాం వచ్చింది. ఫాంట్లు అవే మూడు వందల పదహారు. నక్షత్రం ఒక్కటీ లేదు. అమర్చడానికి వచ్చిన ఇంజనీరు, "పాత మిషన్లో చిన్న ఫైలుంటుంది మేడమ్. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇందులో పడేయండి. మీ స్టార్లన్నీ వచ్చేస్తాయి. అరనిమిషం పని" అని చెప్పి మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయాడు.

ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క పెన్‌డ్రైవ్ సూపరింటెండెంట్ త్రినాథరావు గారి బీరువాలో, కవరులో, లక్క ముద్ర కింద ఉంది. హైమవతి పద్ధతి గల మనిషి. కాగితం తీసుకుని నాలుగు వరసలు రాసింది.

"అయ్యా, పాత ప్రోగ్రాంలో నాకు ఇష్టమైన తొమ్మిది ఫాంట్ల అమరికను కొత్త ప్రోగ్రాంలోకి మార్చుకొనుటకు పెన్‌డ్రైవ్ ఒక్క నిమిషం ఇప్పించగలరు."

పక్క బల్ల మీద ప్రూఫులు దిద్దే సోమయాజులు గారు మెడ చాచి చదివారు. సీసపు అక్షరాల రోజుల నుంచి ఆ సంస్థలో ఉన్న మనిషి. రెండుసార్లు రిటైరయ్యారు, రెండుసార్లూ సంస్థ మళ్లీ పిలిచింది.

"అమ్మాయ్, ఎందుకు రాశావు? పక్కింటి వాళ్ల పెన్‌డ్రైవ్ తెచ్చుకుని అరనిమిషంలో కానిచ్చేయక?"

"దొంగతనంగా ఎందుకు బాబాయి గారూ? తప్పేముందని?"

"తప్పు లేదమ్మా. అందుకే భయం. తప్పు పనికైతే మన దగ్గర ఒక పద్ధతుంది. తప్పు లేని పనిని ఏం చెయ్యాలో వీళ్లకి తెలీదు."

త్రినాథరావు గారు దరఖాస్తు రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి చదివారు.

"హైమవతి గారూ, ప్రభుత్వ సొమ్ముతో కొన్న వాటిలో కొన్నిటిని మీరు ఇష్టపడుతున్నారన్నమాట."

"అదేనండి. పనికి వీలుగా..."

"ఎప్పట్నించి?"

"పందొమ్మిదేళ్ల నించండి."

"ఎవరి అనుమతితో?"

"ఇష్టపడ్డానికా అండి?"

"మరి దేనికండీ? మూడు వందల పదహారు ఫాంట్లున్నాయి. తొమ్మిదింటిని నెత్తిన పెట్టుకున్నారు. తక్కిన మూడు వందల ఏడూ ఏం పాపం చేశాయి? రేపు ఆడిట్ వాళ్లు వచ్చి, వాడని ఫాంట్లు ఎందుకు కొన్నారయ్యా అనడిగితే నేనేం చెప్పాలి?"

"పోనీ లెండి. ఆ ఫైలు వద్దు. కొత్త దాంట్లో చేత్తో పెట్టుకుంటానండి. ఇరవై నిమిషాలు పడుతుంది అంతే."

త్రినాథరావు గారు కుర్చీలో నిటారుగా అయ్యారు. "దరఖాస్తు పరిశీలనలో ఉండగా చేత్తో పెట్టుకోవడమంటే పరిశీలనను ధిక్కరించడం. ఈ క్షణం నుంచి యథాతథ స్థితి. ఫైలు తేలేవరకూ పాత దాంట్లో గానీ కొత్త దాంట్లో గానీ ఏ నక్షత్రాన్నీ ముట్టుకోవద్దు. ఆ తొమ్మిదింట్లో దేన్నీ నక్షత్రం లేకుండానూ వాడొద్దు, వెన్నముద్దతో సహా."

"మరి వాచకమండీ? మే పదిహేనుకి మిషనెక్కాలి."

"ఇంకా ఫిబ్రవరేనండీ బాబూ. మూడు నెలల్లో ఒక ఇష్టం సంగతి తేల్చలేమా!"

వారం తిరక్కుండా మెమో వచ్చింది. తొమ్మిది ఫాంట్లను ఇష్టపడుటకు గల కారణములు, మూడు వందల ఏడు ఫాంట్లను ఇష్టపడకుండుటకు గల కారణములు విడివిడిగా, వరుస సంఖ్యల ప్రకారం, మూడు ప్రతులలో సమర్పించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది.

హైమవతి పొడుగు నోటుబుక్కు ఒకటి కొనుక్కుని, ఆరు రోజులు ఉదయం పొయ్యి మీద ఇడ్లీ కుక్కరు పెట్టి, అది ఉడికేలోపు రోజుకి యాభై పైచిలుకు చొప్పున రాసింది. అబద్ధం ఒక్కటీ రాయలేదు. 'నలభై ఒకటి: దీని "ళ" పడుకున్న పిల్లిలా ఉంటుంది, పిల్లి గురించిన పాఠానికి తప్ప పనికిరాదు.' 'నూట పన్నెండు: ఇది పెళ్లి కార్డుల అక్షరం. ఇందులో కూర్చితే విరేచనాలపై జాగ్రత్తలు కూడా సకుటుంబంగా రమ్మన్నట్టు ఉంటాయి.' 'రెండు వందల మూడు: దీని తలకట్లు గాలికి ఎగిరిపోతున్నట్టుంటాయి, చదువుతుంటే కిటికీ మూయాలనిపిస్తుంది.' 'మూడు వందల పదహారు: ఇందులో అక్షరాలు లేవు. కత్తెరలు, టెలిఫోన్లు, విమానాలు ఉన్నాయి.'

జనరల్ మేనేజరు చిదానందం గారు ఆ నోటుబుక్కుని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందకీ ఊపి బరువు చూశారు. "సమగ్రంగా ఉంది" అన్నారు. చదవలేదు. అలా ఊపుతుంటే బరువు తూచాలన్న ఆలోచన ఆయనకే వచ్చిందో, అక్కడున్న స్టోర్సు ఆఫీసరు గంగరాజు గారికి వచ్చిందో గానీ, ఫైలు అక్కణ్నించి స్టోర్సుకి వెళ్లింది.

గంగరాజు గారి దగ్గర ఒక రిజిస్టరు ఉంది. సీసం అక్షరాలతో అచ్చువేసే రోజుల్లో మొదలుపెట్టినది. ఆ రోజుల్లో అక్షరాలంటే కిలోల్లో కొనే సరుకు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కేసు మారితే తూచి ఇచ్చేవారు, తూచి పుచ్చుకునేవారు. వాడకంలో అక్షరం అరుగుతుంది గనక ఏడాదికి రెండు శాతం తరుగు కింద కొట్టేసేవారు. సీసం పోయి ముప్పై ఏళ్లయినా రిజిస్టరు పోలేదు. అందులో గళ్లు నాలుగు: పేరు, బరువు, తరుగు, సంతకం.

"ఒక మిషన్లోంచి ఇంకో మిషన్లోకి అక్షరాలు మారుతున్నాయా లేదా? మారుతున్నాయి. అయితే బరువు గడి ఖాళీగా వదిలేసి సంతకం ఎలా పెడతానండి? నాకూ పిల్లలున్నారు" అన్నారు గంగరాజు గారు.

"ఫాంట్లకి బరువుండదండి" అంది హైమవతి.

"ఉండదని మీరు తూచి చెబుతున్నారా, తూచకుండా చెబుతున్నారా?"

నిజమే, ఆవిడ ఎప్పుడూ తూచలేదు.

మర్నాడు కాగితం బండిళ్లు తూచే కాటాని నలుగురు పట్టుకుని హైమవతి గదిలోకి తెచ్చారు. త్రినాథరావు గారు, చిదానందం గారు సాక్షులు. పాత కంప్యూటరు పెట్టెని నక్షత్రాలతో సహా కాటా మీద పెట్టారు. పదకొండు కిలోల నాలుగు వందల గ్రాములు. గంగరాజు గారు రాసుకున్నారు.

"ఇప్పుడు నక్షత్రాలు తీసేసి తూచాలి."

హైమవతి కాటాకి అడ్డం వచ్చింది. "తీసేస్తే ఇక ఆ ఫైలు తెచ్చినా రావండి. సైజులు, ఎడాలు అన్నీ పోతాయి."

"తీయకపోతే తేడా ఎలా తెలుస్తుందండీ?" అన్నారు చిదానందం గారు ఎంతో ఓపిగ్గా. "శాస్త్రీయంగా ఆలోచించండి."

ఆవిడ ఒక్కొక్క నక్షత్రం నొక్కి ఆర్పింది. ఆరోదాని దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. సోమయాజులు గారు ప్రూఫులోంచి తల ఎత్తలేదు గానీ, పెన్సిలు మాత్రం ఆగింది. ఆరో నక్షత్రమూ ఆరిపోయింది.

తీగలు ఊడదీసి పెట్టెని మళ్లీ కాటా ఎక్కించే ముందు, దాని మీద తాను ఎప్పుడో పెట్టుకున్న బొటనవేలంత ఇత్తడి వినాయకుణ్ని, పడిపోతాడేమోనని హైమవతి తీసి గుప్పిట్లో పట్టుకుంది. అంతకు ముందు తూచినప్పుడు ఆ సంగతి తోచలేదు.

కాటా ముల్లు ఆగింది. పదకొండు కిలోల మూడు వందల యాభై.

"యాభై గ్రాములు!" అన్నారు గంగరాజు గారు. "చూశారా అండీ? బరువుండదన్నారు."

హైమవతి గుప్పిట్లో వినాయకుడి వంక చూసుకుంది. నోరు తెరిచింది. ఆర్పేసిన నక్షత్రాల వంక చూసింది. నోరు మూసుకుంది.

ఇష్టం బరువు యాభై గ్రాములని రిజిస్టరులో ఎక్కింది. ముగ్గురు సంతకాలు పెట్టారు.

ఇక తరుగు. గంగరాజు గారు లెక్క కట్టి తెచ్చేసరికి ఏప్రిల్ రెండో వారమైంది. ఏడాదికి రెండు శాతం, పందొమ్మిదేళ్లకి ముప్పై ఎనిమిది శాతం. తొమ్మిది ఫాంట్లలో ఈపాటికి ముప్పై ఎనిమిది శాతం అరిగిపోయి ఉండాలి. మిగిలినవి అయిదు పాయింటు అయిదు ఎనిమిది.

"సీనియారిటీ ప్రకారం మొదటి అయిదూ నిండుగా మారతాయి" అని చిదానందం గారు వివరించారు. హైమవతిని ఆయన గదిలో కూర్చోబెట్టారు. అది అరుదైన గౌరవం. "ఆరోది యాభై ఎనిమిది శాతం మారుతుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది అరిగిపోయినట్టు లెక్క."

"ఆరోది వెన్నముద్దండి. యాభై ఎనిమిది శాతం అంటే?"

గంగరాజు గారు కాగితం చూసి చదివారు. "మన అక్షరాలు యాభై ఆరు. అందులో ముప్పై రెండు చిల్లర. అంటే అచ్చులన్నీ వస్తాయండి. సున్నా, అరసున్నా, విసర్గ వస్తాయి. హల్లుల్లో 'క' నుంచి 'డ' దాకా వస్తాయి. ఆ చిల్లర కింద 'ఢ'లో సగం."

"సగం 'ఢ' అంటే మళ్లీ 'డ'యే కదండీ?"

"అయితే ఒకటి ఎక్కువే వస్తోంది మీకు" అన్నారు త్రినాథరావు గారు.

హైమవతి నెమ్మదిగా అడిగింది. "మొదటి పాఠం అమ్మండి. 'మ' లేకుండా అమ్మని ఎలా కూర్చను?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పరిష్కారం చిదానందం గారికి తట్టింది.

"అమ్మ బదులు అక్క అని వెయ్యండి. ఆవిడా ఇంట్లో మనిషే."

"ఆవు?"

"ఆకు."

"ఆవు పాలు ఇస్తుంది అని ఉందండి."

"ఆకు నీడ ఇస్తుంది అని మార్చండి. పర్యావరణం కూడా కలిసొస్తుంది."

"'నీడ'కి 'న' లేదండి. 'ఇస్తుంది'కి 'స' లేదు, 'త' లేదు, 'ద' లేదు."

"హైమవతి గారూ," చిదానందం గారు బాధగా కళ్లు మూసుకున్నారు, "ఒకటో తరగతి పిల్లలకి అన్ని అక్షరాలు ఒకేసారి ఎందుకండీ? భారం. మిగతావి రెండో తరగతిలో ఇద్దాం."

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లేసరికి ఫోన్ మోగింది. మేరీ సుగుణ. ఎప్పుడూ జూన్‌లో చేసే మనిషి ఏప్రిల్లో చేసింది.

"అమ్మా, నాకిదే ఆఖరేడు. వచ్చే మార్చిలో దిగిపోతాను. ఈసారి ఒకటో తరగతిలో పదకొండుమంది చేరుతున్నారు. మా బళ్లో ఎప్పుడూ అంతమంది లేరు. పుస్తకాలు టయానికి వస్తాయి కదా?"

"వస్తాయండి" అంది హైమవతి.

"అవే అక్షరాలేనా?"

ఫోన్ పట్టుకున్న చెయ్యి మార్చుకుని, "అవేనండి" అంది. అని పెట్టేశాక, వంటింట్లోకి వెళ్లి పోపుల పెట్టె మూత తీసింది. మూత లోపల అతికించిన చిన్న కాగితం మీద తొమ్మిది పేర్లు, వాటి పక్కన సైజులు, ఎడాలు రాసి ఉన్నాయి. ఎప్పుడు ఏ మిషను పాడైపోతుందోనని, ఆవిడ పద్ధతి గల మనిషి గనక, ఏనాడో రాసుకుంది. కాగితానికి పసుపు అంటింది గానీ అంకెలు కనబడుతున్నాయి. కాబట్టి కావలసింది ఇరవై నిమిషాలు. అడ్డంగా ఉన్నది ఫైలు. ఫైలు మూసేదాకా ముట్టుకోవడానికి లేదు. అంచేత ఫైలు మూయించాలి.

మర్నాడు సోమయాజులు గారితో అంది. "బాబాయి గారూ, వీళ్లు త్వరగా తేల్చాలంటే ఏం చెయ్యాలి?"

"పని పెద్దది చెయ్యాలమ్మా. చిన్న పని అయితే ఏళ్లు పడుతుంది. నీ ఇష్టం గురించి కాబట్టి నాన్చుతున్నారు. సంస్థ ఇష్టం గురించి అను, రేపే కూర్చుంటారు."

హైమవతి ఇంకో నాలుగు వరసలు రాసింది. వ్యక్తులకి వేరువేరు ఇష్టాలు ఉండడం వల్ల ఈ చిక్కులు వస్తున్నవి గనుక, సంస్థ మొత్తానికి ఒకే ఇష్టాన్ని నిర్ణయించగలరని ప్రార్థన.

చిదానందం గారు అది చదివి లేచి నిలబడ్డారట. రెండు రోజుల్లో 'ఏకీకృత ఇష్ట నిర్ధారణ సంఘం' ఏర్పడింది. ముగ్గురు సభ్యులు, వాళ్లే. మూడు వందల పదహారు ఫాంట్లలోనూ నమూనా కాగితాలు తీయమని హైమవతికి ఉత్తర్వు. ఏ మాటలు వెయ్యమంటారని అడిగితే, నిష్పక్షపాతంగా ఉండేందుకు సభ్యుల పేర్లే వెయ్యమన్నారు. ఏ సభ్యుడు అభ్యంతరం చెప్పినా ఆ ఫాంటు పోయినట్టే. అందరూ ఒప్పుకున్నది సంస్థ ఇష్టం.

మొదటి కాగితం చూడగానే ముగ్గురూ ఎవరి పేరు వాళ్లు చూసుకున్నారు. పెళ్లి ఫొటో చేతికిస్తే ఎవరైనా ముందు తమని తాము వెతుక్కున్నట్టే.

"ఇందులో నా 'చి' మరీ బక్కగా ఉంది. హోదా కనబడ్డం లేదు" అని చిదానందం గారు పక్కన పెట్టేశారు.

రెండోదాంట్లో చిదానందం గారు నిండుగా కనిపించారు గానీ త్రినాథరావు గారి ఒత్తు జారిపోయింది. "నా 'త్రి' కింద క్రావడి చూడండి, పంచె ఊడినట్టు లేదూ?" మూడోదాంట్లో ఇద్దరూ బాగానే ఉన్నారు, అందుకే గంగరాజు గారికి నచ్చలేదు. "మీరిద్దరూ అంత లావుగా ఉంటే నేను మధ్యలో నలిగిపోతున్నానండి."

మూడు రోజులు కూర్చున్నారు. పకోడీలు వచ్చాయి, టీలు వచ్చాయి. వెన్నముద్ద నూట ఎనభై ఏడో కాగితం. అందులో ముగ్గురి పేర్లూ ఒకే ఎత్తులో ఉన్నాయని ముగ్గురూ అభ్యంతరం చెప్పారు. మూడో రోజు నాలుగింటికి మూడు వందల పదిహేనూ పోయి ఒకే కాగితం మిగిలింది.

మూడు వందల పదహారు. ఒక కత్తెర, రెండు టెలిఫోన్లు, ఒక విమానం. కింద వరసలో ఒక కవరు, ఒక చూపుడు వేలు, ఇంకో కత్తెర.

సభ్యులు చాలాసేపు చూశారు. ఎవరి పేరు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. అందువల్ల ఎవరి పేరూ తక్కువగా లేదు.

"అభ్యంతరకరమైన అక్షరం ఏదైనా ఉందా?" అన్నారు చిదానందం గారు.

"అక్షరమే లేదండి" అన్నారు గంగరాజు గారు మెచ్చుకోలుగా.

"శుభ్రంగా ఉంది" అన్నారు త్రినాథరావు గారు. ఆయన ఇంటికెళ్లే రైలు వేళ దగ్గర పడుతోంది.

ఏకగ్రీవం.

మే ఆరో తారీకున ఉత్తర్వు చిత్తు ప్రతి హైమవతి బల్ల మీదికి వచ్చింది. పేరాలు నాలుగు. మొదటిది, మూడు వందల పదహారో ఫాంటును సంస్థ ఏకైక ఇష్టముగా నిర్ణయించడమైనది. రెండోది, సంస్థ నుండి వెలువడు సమస్త పుస్తకములు, లేఖలు, ఉత్తర్వులు తక్షణం అందులోనే ఉండవలెను. మూడోది, తక్కిన ఫాంట్లను ఇష్టపడుట నిషేధము. వాచకములతో సహా దేనికీ ఎట్టి మినహాయింపు లేదు. నాలుగోది, ఇంతటితో ఫైలు మూసివేసి, యథాతథ స్థితి ఎత్తివేయడమైనది.

హైమవతి చిత్తు ప్రతి పట్టుకుని త్రినాథరావు గారి దగ్గరికి వెళ్లింది.

"సార్, చిన్న సందేహం. ఉత్తర్వులు కూడా తక్షణం ఆ ఫాంటులోనే అని రెండో పేరాలో ఉందండి. మరి ఈ ఉత్తర్వు దేంట్లో కూర్చమంటారు?"

ఆయన మొహం గంభీరంగా పెట్టారు. "ఉత్తర్వే తన మాట తాను వినకపోతే ఇంకెవరు వింటారండీ? అందులోనే కూర్చండి."

"అలాగేనండి."

కూర్చింది. ఎంత శ్రద్ధగా కూర్చిందంటే, కత్తెరకీ కత్తెరకీ మధ్య ఎడం ఎక్కడా తప్పలేదు. సోమయాజులు గారు ప్రూఫు చూసి, రెండో వరసలో ఒక విమానం తలకిందులుగా ఉందని దిద్దారు. చిదానందం గారు సంతకం చేశారు. ప్రతులు అన్ని జిల్లాల డిపోలకీ వెళ్లాయి. నాలుగు రోజుల్లో అన్ని జిల్లాల నుంచీ జవాబులు వచ్చాయి: తమ ఉత్తర్వు అందినది, పూర్తిగా అర్థమైనది, తు.చ. తప్పక అమలు చేయుచున్నాము.

ఫైలు మూసేశారు. చిత్తు ప్రతితో సహా తాడు కట్టి రికార్డు రూముకి పంపేశారు.

ఆ తాడు ముడి పడిన నిమిషానికి హైమవతి, పోపుల పెట్టె మూత నుంచి ఊడదీసి తెచ్చుకున్న పసుపు అంటిన కాగితాన్ని సంచిలోంచి తీసింది. కొత్త కంప్యూటరు ముందు కూర్చుని నక్షత్రాలు వెలిగించింది. ఇరవై నిమిషాలన్నది గానీ పదిహేడే పట్టింది. ఆరోది వెలిగించి, 'అమ్మ' అని కొట్టి చూసుకుంది. 'మ' ఉంది. దాని కింద 'మ' ఒత్తు కాళ్లు చాపుకుని హాయిగా ఉంది.

మర్నాడు గంగరాజు గారు కాటాతో వచ్చారు. ఉత్తర్వులో ఏముందో చూడబోతే కత్తెరలున్నాయి గనక, తన రిజిస్టరు ప్రకారం తాను పోతానన్నారు. పాత మిషన్లో తగ్గిన యాభై గ్రాములు ఎటు పోయాయో తేలకపోతే ఆయనకి నిద్ర పట్టడం లేదు. కొత్త పెట్టె వచ్చిన రోజున తూచిన బరువు ఆయన దగ్గర ఉంది, ఏడు కిలోల రెండు వందలు.

"ఒక్క క్షణమండి" అని హైమవతి సొరుగు లాగి, ఇత్తడి వినాయకుణ్ని తీసి, కళ్లకద్దుకుని, కొత్త పెట్టె మీద పెట్టింది.

ఏడు కిలోల రెండు వందల యాభై.

గంగరాజు గారి కళ్లు చెమర్చాయి. "దిగిందండీ! ఒక్క గ్రాము తరుగు లేకుండా దిగింది. అయితే తొమ్మిదీ మారినట్టే." సంతకం గడిలో సంతకం పెట్టేశారు. వెళ్తూ వెళ్తూ వినాయకుడికి దణ్ణం కూడా పెట్టుకున్నారు.

వాచకం మే పద్నాలుగున, చెప్పిన తేదీకి ఒకరోజు ముందు మిషనెక్కింది. మొదటి కాపీ సిరా వాసనతో త్రినాథరావు గారి బల్ల మీదికి వెళ్లింది. గంటలో ఆయన హైమవతిని పిలిచారు. పేజీలు తిప్పుతున్నారు. అమ్మ, ఆవు, ఇల్లు. నిమ్మళంగా, ఎడమెడంగా, నున్నటి అక్షరాలు.

"హైమవతి గారూ, ఇది... ఇది ఉత్తర్వు ప్రకారమే ఉందా?"

"మీరే చూసి చెప్పాలండి" అని ఆవిడ ఉత్తర్వు కాపీ వినయంగా ఆయన ముందు పెట్టింది.

త్రినాథరావు గారు ఉత్తర్వు వంక చూశారు. కత్తెరలు, టెలిఫోన్లు, విమానాలు ఆయన వంక చూశాయి. కింద జనరల్ మేనేజరు సంతకం, దాని పక్కన తన పొట్టి సంతకం ఉన్నాయి. చదవడం రావడం లేదని చెబితే, మరి సంతకం ఎలా పెట్టావని అడుగుతారు.

"ఆ చిత్తు ప్రతి ఒకటుండాలి కదండీ?"

"ఫైలుతో రికార్డు రూముకి వెళ్లిపోయిందండి. తీయించమంటారా? దరఖాస్తు రాసిస్తాను."

"వద్దొద్దు! మీరేం రాయొద్దు!" అన్నారాయన గట్టిగా. తర్వాత కళ్లద్దాలు సర్దుకుని, ఉత్తర్వుని కాస్త దూరంగా పట్టుకుని, కాస్త దగ్గరగా పట్టుకుని, మొహం తేటపరుచుకున్నారు.

"ఉందండీ. ఎందుకు లేదూ? ఇదిగో, మూడో పేరా. 'వాచకములకు మినహాయింపు.' స్పష్టంగా ఉంది, చూడండి" అని వేలు పెట్టి చూపించారు.

హైమవతి వంగి చూసింది. ఆయన వేలి కింద ఒక కవరు, రెండు కత్తెరలు, బోర్లా పడిన ఒక టెలిఫోను ఉన్నాయి.

"అవునండి," అంది, "ఒత్తులతో సహా."